మీసం కోసం మేక

కొడుక్కి మీసం రాదేమోనన్న బెంగతో చిక్కిపోయిన తండ్రిని ఎక్కడైనా చూశారా? ఆ కొడుక్కింకా పళ్లే రాలేదు. అయినా ఎవెలియో చిక్కిపోయాడు.

తప్పంతా క్రిస్పిన్‌ది. ఊళ్లో అతణ్ణి రేడియో అంటారు, కాకపోతే ఈ రేడియోకి ఆపే మీట లేదు. మధ్యాహ్నం సోయా గోదాము వాకిట్లో లారీలు ఆగగానే మగాళ్లంతా గుండ్రంగా కూర్చుని తెరెరే తాగుతారు. చల్లటి నీళ్లలో నానిన ఆకు, పోసుకోవడానికి ఒకటే కొమ్ము గ్లాసు, పీల్చడానికి ఒకటే గొట్టం, అందరి నోళ్లూ దానికే. చాలనుకున్నవాడు "గ్రాసియాస్" అంటాడు. ఆ మాట నోటి నుంచి వచ్చిందంటే ఇక వాడికి పోయరు. ఇళ్లల్లో కూడా అదే లెక్క.

అలా కొమ్ము చేతులు మారుతుండగా రేడియో ఒక వార్త వదిలాడు. సోయా పాలు తాగిన మగపిల్లలకి మీసాలు రావట, గొంతు సన్నగానే ఉండిపోతుందట.

ఎవెలియో గుండెల్లో రాయి పడింది. ఏడు నెలల ఫెర్మిన్ తాగేది ఆ పాలే మరి. పెళ్లాం నిల్డాకి జ్వరమొచ్చి పాలు ఆగిపోయాయి. ఆవు పాలు పట్టబోతే పిల్లాడికి ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు. డాక్టరమ్మ సోయా డబ్బా రాసింది. ఎవెలియో చూస్తే గోదాములో సోయా లారీలు తూచేవాడు. ఇంటి కప్పు దగ్గర్నుంచి కాళ్ల బూట్ల దాకా అంతా సోయా పెట్టిన భిక్షే. అలాంటివాడు ఇంటికొచ్చి సోయా మీద యుద్ధం ప్రకటించాడు.

"ఏమే, ఆ డబ్బా ఇవాళ్టితో బంద్. మా వంశంలో మీసం లేని మనిషే లేడు."

"నిజమే, మీ మేనత్తకి కూడా ఉంది. ఆవిడ ఏ పాలు తాగి పెరిగిందో కనుక్కో," అంది నిల్డా.

పద, డాక్టరమ్మనే అడుగుదామంది. ఆవిడ గడప తొక్కనని మీసం మీద చెయ్యేసి ఒట్టుపెట్టుకున్నాడు. విసవిసా పోయి, తన అకార్డియన్ పెట్టె ఎదువీహిస్ అనే ముసలావిడ చేతిలో పెట్టి, బదులుగా ఆవిడ పాడిమేకని తోలుకొచ్చాడు. ఆ వాయిద్యం ఇంట్లోంచి పోవడం ఒక్కటే ఈ బేరంలో నిల్డాకి నచ్చింది.

మేక గడ్డి ముట్టలేదు. ఫెర్మిన్ బాప్తిస్మపు టోపీ తినేసింది, కిటికీ తెర తినేసింది, నిల్డా రవిక ఒక చెయ్యి తిని రెండోది రేపటికి దాచుకుంది. ఎవెలియో లబోదిబోమంటూ ఎదువీహిస్ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ తాపీగా చెప్పింది, అది పుట్టినప్పటి నుంచి సోయా మీదే పెరిగిందట, వేరే మేత దానికి సహించదట.

ఇంకేం చేస్తాడు? గోదాము వాకిట్లో ఒలికిన గింజలు ఏరి బూట్లలో పోసుకుని ఇంటికి మోయడం మొదలుపెట్టాడు. సోయా పాలు మాన్పించడానికి సోయా మోస్తున్నాడన్నమాట. కుంటుతున్నావేమని అడిగితే కీళ్లవాతమన్నాడు. రేడియో ఊరంతా చాటింపు వేశాడు. తెల్లారేసరికి ఇరుగుపొరుగు వాళ్లు పూతమందులు పట్టుకొచ్చారు. మేక వాటినీ వదల్లేదు.

మొత్తానికి పాలిచ్చింది. చెంబు తీసుకెళ్లి ఇస్తే నిల్డా కిమ్మనకుండా అందుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఒక్క మాటకే ఒప్పుకోవడం అదే మొదలు. తెలివున్నవాడైతే అప్పుడే భయపడేవాడు.

ఎవెలియో పొంగిపోయాడు. ఫెర్మిన్ బుగ్గలు కూడా నిండాయి. పిల్లాడి పైపెదవి మీద నూగు కనబడుతోందని గోదాములో చెప్పుకున్నాడు. ఆ ఊపులో ఒట్టు గట్టుమీద పెట్టి, డాక్టరమ్మ ముక్కు మీద వేలేయించాలని నిల్డా వెంట తనూ బయల్దేరాడు.

"అంతా మా మేక చలవ," అన్నాడు బల్ల మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి.

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ఆవు పాలు పడని బిడ్డకి మేక పాలు కూడా పడవని, పైగా ఏడాది నిండని పసివాడికి అవి సరిపోవని, రక్తం తగ్గిపోతుందని చెప్పింది. సోయా మీద సందేహాలు ఉన్నమాట నిజమే, అందుకే అవసరమైతే తప్ప రాయనంది. మీసాల సంగతి మాత్రం ఏ చదువులోనూ తాను చదవలేదంది.

ఎవెలియో పిల్లాణ్ణి గుండెకి హత్తుకున్నాడు. నా చేతులతో నేనే నా బిడ్డకి విషం పోశానే అని వలవలా ఏడ్చాడు. కన్నీళ్లు ఆ ఘనమైన మీసంలోకి ఇంకిపోయాయి.

నిల్డా కాసేపు ఏడవనిచ్చింది. పాపం, జాలేసింది కూడా.

"ఊరుకో అయ్యా. వాడి నోట్లో మేక పాలు ఒక్క చుక్క పడలేదు. నువ్వు మేక కోసం పోయిన రోజే నేను ఇక్కడికొచ్చాను. ఆవు పాలలో వాడికి పడని పదార్థాన్ని బాగా విరగ్గొట్టి చేసిన పాలపొడి వేరే ఉందని ఈవిడే మార్చి రాసింది. వాడు తాగేది అదే."

"మరి మేక పాలు?"

"జున్నుముక్కలు చేశాను. మొన్న మొక్కజొన్న రొట్టె బ్రహ్మాండంగా ఉందని గోదాముకి కూడా మోసుకెళ్లావే, అందులో ఉన్నదదే."

ఎవెలియో ముక్కు తుడుచుకున్నాడు. "సోయా డబ్బాలు పారేశావా?"

"నిండు డబ్బాలు పారేయడానికి చేతులొస్తాయా? రోజూ పొద్దున నువ్వు తాగే కొసీదో టీలో కలుపుతున్నాను. పాలు చిక్కగా ఉన్నాయని రెండేసి గ్లాసులు తాగుతున్నావుగా."

ఎవెలియో చెయ్యి గబుక్కున మీసం మీదికి పోయింది. ఉంది. రెండు వైపులా ఉంది. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

ఆ మధ్యాహ్నం తెరెరే దగ్గర రేడియో అతని ముఖంలోకి పరకాయించి చూశాడు. మీసం బాగా గుబురెక్కింది, ఏం రాస్తున్నావోయ్ అన్నాడు. కీళ్లవాతం మందు అని గొణిగి ఎవెలియో తల దించుకున్నాడు.

మర్నాడు పొద్దున నిల్డా పొయ్యి మీద చక్కెర మాడ్చి, ఆకు కాచి, కొసీదో గిన్నె బల్ల మీద పెట్టింది. పక్కనే సోయా డబ్బా కూడా పెట్టింది, ఈసారి దాపరికం లేకుండా. మొదటి గ్లాసు అతను తాగేశాడు. రెండోది పోయబోతూ ఆగి, మొగుడి ముఖంలోకి చూసింది. "గ్రాసియాస్" అంటే చాలు, అక్కడితో తీరిపోతుంది.

ఎవెలియో నోరు తెరిచాడు. ఎదురుగా గోడకున్న అద్దంలో మీసం నల్లగా నిగనిగలాడుతోంది. నోరు మూసుకుని గ్లాసు ముందుకి జరిపాడు.