వెంకటయ్య చేసిన మూడు మార్పులు

కామాఠిపురలో వరసగా ఒంటిగది ఇళ్లున్న చాల్‌లో వెంకటయ్య మాస్టారిని అందరూ ప్రింటౌట్ వెంకటయ్య అంటారు. ముంబైలోని తెలుగు టీచర్లంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని, వెబ్‌పేజీ ఎలా చేయాలో ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. ఆ పాఠాలన్నీ ఆయన పక్కనే ఉన్న నాగ్‌పాడాలో ప్రింటు తీయించి బీరువా మీద పెట్టేవాడు. చదివేవాడు మాత్రం కాదు. ఇరవై ఆరేళ్ల సర్వీసున్న మనిషి గ్రూపులో "నాకు రాదు" అంటే పరువేం కావాలి?

ఆ కాగితాలనే భార్య సాయమ్మ వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచేది. చాల్‌లోనే చిన్నపిల్లల బడి, బాల్వాడీ, నడిపే ఆవిడ, పప్పుడబ్బా తీసినప్పుడల్లా ఒక పేరా చదివేది.

ఈ నెల ప్రతి టీచరూ తన క్లాసుకో పేజీ చేసి ఆదివారం అందరికీ చూపించాలన్నారు.

"నువ్వు జర టైపు చెయ్యి. తెలివి నాది," అన్నాడు వెంకటయ్య.

"ఏడ పెట్టిన్రు సారూ? ఏ డబ్బాల కనవడలే!"

అయినా చేసిపెట్టింది. కోతి బొమ్మ నొక్కితే పాట వస్తుంది. పేజీ అడుగున ఆవిడ పేరు తీసేసి వెంకటయ్య తన పేరు కొట్టుకున్నాడు. ఆదివారానికి ముందే గ్రూపులో పెడితే ఒకటే మెచ్చుకోళ్లు. ఆయన ఎంతో వినయంగా మీసం దువ్వుకున్నాడు.

ఆదివారం వీడియో కాల్‌లో ధారావి టీచర్ లక్ష్మమ్మ అడిగింది: "సార్, ఇండ్ల ఇంకో బొమ్మ ఎట్ల పెట్టాలె? జర చేసి చూపించుండ్రి."

వెంకటయ్య ఒకటి నొక్కాడు. కోతి తెర కిందికి జారి కనిపించకుండా పోయింది. దాన్ని వెతుకుతూ ఇంకోటి నొక్కాడు. పేజీయే మాయమైంది.

"కరెంటు పోయింది," అన్నాడు. వెనకాల ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"జరగుండ్రి," అంటూ సాయమ్మ పిండి చేత్తోనే వచ్చి, పాత మార్పుల జాబితా తెరిచింది. పేజీ తిరిగొచ్చింది. ఎవరెవరు ఏం చేశారో అదీ అందరి ముందూ తెర మీదికొచ్చింది. సాయమ్మ నలభై ఒక్క మార్పులు. వెంకటయ్య రెండు: పేరు మార్చాడు, మొత్తం చెరిపాడు.

సాయమ్మ తప్ప ఎవరూ నవ్వలేదు.

"నేను నా పేజీ మూడుసార్లు చెరిపిన సార్," అంది లక్ష్మమ్మ. "ఒక్క మాట అడిగితే చెప్పకపోదుమా? మేడంని గూడ గ్రూపుల కలుపుండ్రి."

వెంకటయ్యకి సిగ్గుతో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇంత మంచివాళ్లను ఇన్నాళ్లూ ప్రింటు తీసి బీరువా మీద పెట్టాడు! అక్కడికక్కడే గ్రూపులో తన మొదటి ప్రశ్న రాశాడు: "ఫొటో ఎట్ల పెట్టాలె?"

నలుగురు టీచర్లు నలభై నిమిషాలు ఓపిగ్గా చెప్పారు. జాబితాలో మూడో మార్పు చేరింది: వెంకటయ్య, ఫొటో పెట్టాడు. పిండి చేతుల సాయమ్మ ఫొటో. దాని కింద, "పేజీ చేసింది సాయమ్మ టీచర్. నేర్చుకుంటున్నది వెంకటయ్య."

సాయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఆ రెండు వాక్యాలూ చదివింది.

"ప్రింటు తీయించుకొస్త," అన్నాడు వెంకటయ్య చెప్పులేసుకుంటూ.

"తీస్కరాండ్రి," అంది సాయమ్మ. "గా కాగితం మాత్రం డబ్బాల కింద వెయ్యను."