ప్రింటరుకు అనుకూలమైన ముఖం

రంగులు ఉన్నది కళ్లతో చూడటానికేనని నమ్మేవారు ఏనాడూ కార్యాలయ గడప తొక్కి ఉండరు. రంగులు ఉన్నది తీర్మానించడానికి.

ఆసుపత్రి ఫొటోగ్రాఫరుకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. రిటైరయ్యేవారి ఫొటోలు వరండా గోడకు తగిలించడం అక్కడి రివాజు. ఈసారి వంతు ఒక వార్డు ఆయాది. ఆమె అతని సొంత అక్క. అతణ్ణి చదివించిందీ ఆమే. నల్లటి మనిషి.

"గుర్తింపు కార్డులో నేనెక్కడున్నానో వెతకలేక వాచ్‌మన్ కళ్లు పోయాయిరా. గోడ మీదైనా నన్ను నాలా పెట్టు," అంది.

ఆసుపత్రిలోని ఇంక్‌జెట్ ప్రింటరును దాని మానాన వదిలేస్తే నల్లటి ముఖాన్ని ఒకటే మరకగా దించుతుంది. రంగులు సరిచూసి పంపే ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌ను ట్రయల్‌గా వాడి చూస్తే అక్క చెంప మీది వెలుగు, కంటి చివరి ముడతలు, ఆపుకుంటున్న నవ్వు, అన్నీ వచ్చాయి. రెండు ప్రింట్లూ జతచేసి, సాఫ్ట్‌వేర్ కొనమని అర్జీ పెట్టాడు. వెంటనే ముద్రణ సాఫ్ట్‌వేర్ ఆవశ్యకతా నిర్ధారణ సంఘం ఏర్పడింది. (అందులో ఫొటోలు తెలిసినవారు లేరు. నిష్పాక్షికత ముఖ్యం.)

నిబంధన ప్రకారం ఒరిజినళ్లు బీరువాలోకీ, వాటి జిరాక్సులు సంఘం ముందుకీ వెళ్లాయి.

"రెండూ నల్లగానే ఉన్నాయి కదయ్యా, తేడా ఏది?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇవి జిరాక్సులు సార్. అసలువి చూడండి."

"అసలువి చూసి నిర్ణయించామని ఆడిట్ వాళ్లకు తెలిస్తే?"

ఆడిట్ మాట వినగానే సభ్యులంతా జిరాక్సులనే ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. (బీరువా తాళంచెవి ఎలాగూ ఎవరి దగ్గరా లేదు.)

అప్పుడు కంప్యూటర్ల విభాగం సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. "ప్రింటర్లోనే ఫ్రీగా ఒక బటనుంది సార్. నొక్కితే ఎవరైనా తెల్లగా వస్తారు. మా ఆవిడ ఫొటోలన్నీ దాంతోనే. ఇంట్లో గొడవల్లేవు."

"మా అక్క తెల్లగా ఉండదు సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"అందుకేగా బటను," అన్నాడు అధ్యక్షుడు, ఓపిగ్గా.

తీర్మానం ఏకగ్రీవం: నాణ్యమైన ముద్రణకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అవసరం లేదు, ముఖమే ప్రింటరుకు అనుకూలంగా ఉండవలెను.

రిటైరైన రోజు అక్క వరండాలో బటను నొక్కి ప్రింటు తీసిన తన ఫొటో ముందు నిలబడింది. సంఘం సభ్యులు వెనకే ఉన్నారు. ఫొటోగ్రాఫరు నేల చూపులు చూస్తున్నాడు.

"బాగుందిరా తమ్ముడూ," అంది. "ఎవరీవిడ? ఇన్నేళ్లలో ఏ వార్డులోనూ చూడలేదే."

ఫొటో బాగున్నదని సదరు ఉద్యోగిని స్వయంగా తెలిపినందున, ఫైలు మూసివేయడమైనది.