మూడు ఉత్తరాలు, ఒకే దస్తూరి

ఆ మంగళవారం పొద్దున రిటైరైన గుమాస్తా పెట్టుకున్నది చాలా చిన్న పని. పదింటికి లైబ్రరీలో సలహాల బల్ల ముందు కూర్చోవాలి, ఎవరిదో ఒకరి కష్టం తీర్చాలి, పన్నెండింటికి ఇంటికెళ్లి భోంచేయాలి. జీతం లేని పని కాబట్టి లైబ్రేరియన్ ఆయన్ని ప్రశ్నలేవీ అడగకుండా చేర్చుకుంది. గోడ మీద కాగితం మాత్రం చూపించింది. వచ్చినవారి పేరూ ఊరూ అడగరాదు. ఒకరి మాట మరొకరికి చెప్పరాదు. ఉత్తరం రాసిస్తే పేర్ల దగ్గర ఖాళీ వదలాలి.

మొదట టైలరమ్మ వచ్చింది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. సూది తీసి మాట్లాడింది.

"అన్నయ్యగారూ, నా కొట్టు పైకప్పు కారుతోంది. శనివారానికి అరవై జతల స్కూలు యూనిఫారాలు ఇవ్వాలి. బట్ట మీద మరక పడిందా, ఆ స్కూలు మళ్లీ నా మొహం చూడదు. కొట్టు మూసుకోవడమే. కొట్టు అద్దెకిచ్చిన ఇంటావిడకి చెప్తే చెవిన పెట్టదు."

ఒక మనిషి తన బతుకు తెచ్చి ముక్కూమొహం తెలియనివాడి ముందు పరవడం గుమాస్తా ఎన్నడూ చూడలేదు. ఆఫీసులో ముప్పై ఏళ్లు ఆయన రాశాడు, ఇంకొకరు సంతకం పెట్టారు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటావిడకు మూడు పేజీల ఉత్తరం రాసిచ్చాడు.

"ముత్యాలండీ!" అంది టైలరమ్మ ఆ అక్షరాలు చూసి.

గంట తర్వాత డ్రిల్లు మాస్టారు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "కింది వాటాలో ఒకావిడ ఉందండీ. తెల్లారితే చాలు, గజంబద్దతో పైకప్పు బాదుతుంది. ఆవిడకి పైకప్పు, నాకు నేల! నేను నీళ్లు ఒలకబోస్తున్నానట. నా గోడా తడిసే ఉంది, మరి నేనెవర్ని బాదాలి?"

గజంబద్ద అన్నప్పుడే గుమాస్తాకు అనుమానం రావాలి. రాలేదు. మెప్పు తలకెక్కినవాడికి చెవులు పనిచేయవు. కింది వాటా ఆవిడకు నాలుగు పేజీలు రాసిచ్చాడు.

బుధవారం ఇంటావిడ వచ్చి మూడు పేజీల ఉత్తరం బల్ల మీద పడేసింది. తన దస్తూరి తనకే ఎదురైంది.

"చూడు నాయనా. రాసినవాడెవడో గానీ రాక్షసుడు. రాత్రంతా కన్ను మూతపడలేదు."

"గట్టివాడే," అన్నాడు గుమాస్తా వినయంగా.

"వీణ్ణి తలదన్నే జవాబు రాయాలి నువ్వు."

అక్కడితో నిజం ఒప్పుకుంటే సరిపోయేది. గోడ మీద కాగితం అడ్డొచ్చిందని తర్వాత చెప్పుకున్నాడు. అది అబద్ధం. తన ఉత్తరాన్ని తాను ఓడించగలనా లేదా అన్నదే ఆయన తపన. రెండో పేజీలో చిన్న సందు దొరికింది. ఆ సందులో దూరి అయిదు పేజీలు రాశాడు. మరమ్మతు కావాలంటే ఇల్లు ఖాళీగా ఉండాలి కనుక, కింది వాటావారూ పై వాటావారూ శుక్రవారం సాయంత్రంలోగా సామానుతో సహా వెళ్లిపోవాలి. చదువుకుంటే తనకే వణుకొచ్చింది. అంత బాగుంది.

గురువారం బెంచీ నిండిపోయింది. ఒక చివర టైలరమ్మ, ఇంకో చివర డ్రిల్లు మాస్టారు, ఖాళీ చేసేది లేదని వాళ్లు మొండికేశారని చెప్పడానికి వచ్చిన ఇంటావిడ నడుమ. టైలరమ్మ కళ్లు వాచి ఉన్నాయి.

"రేపటికల్లా పొమ్మంటోందన్నయ్యా. ఇంకా ఇరవై జతలున్నాయి. మిషను నెత్తిన పెట్టుకుని నడిరోడ్డు మీద కుట్టమంటారా?"

ఎవరికొచ్చిన ఉత్తరం వాళ్లు తీశారు. మూడూ పక్కపక్కన పడ్డాయి. కుట్టు చూసి కుట్టినవారెవరో చెప్పగల మనిషి టైలరమ్మ. ఆవిడే ముందు వంగి చూసింది.

"ఈ తలకట్లు చూడండి. మూడింటికీ ఒక్క చెయ్యే."

గుమాస్తా కుర్చీలో కొంచెం కిందికి జారాడు.

"అయితే ఆ రాక్షసుడివి నువ్వేనా?" అంది ఇంటావిడ.

"పేర్లు అడగకూడదని రూలండీ..."

"పేర్లు పోనీండి," అంది టైలరమ్మ. "ఒక్కసారైనా డాబా ఎక్కి చూడమని అనొచ్చుగా?"

పన్నెండు పేజీల్లోనూ ఎవరూ డాబా ఎక్కలేదు.

డ్రిల్లు మాస్టారు ఆయన్ని మోచేయి పట్టుకుని ఆ ఇంటి డాబా దాకా నడిపించాడు, ఆడవాళ్లిద్దరూ వెనకే వచ్చారు. డాబా మీద నీళ్ల ట్యాంకు. దాని పైపు జాయింటు నుంచి వెంట్రుకంత ధార చప్పుడు లేకుండా గోడలోకి దిగుతోంది. ఇంటావిడ వాల్వు కట్టేసింది. టైలరమ్మ జాయింటు విప్పి, అరిగిపోయిన వాషరు బయటికి తీసింది.

"మాస్టారూ, మీ చెప్పు ఇటివ్వండి."

ఇచ్చాడు. మడమ దగ్గర రబ్బరు అరిగి పల్చబడింది. ఆవిడ కొలవలేదు, గీయలేదు. కత్తెర ఒక్కసారి గుండ్రంగా తిరిగింది. నడుమ చిల్లు పడింది. బిళ్ల లోపల పెట్టి బిగించి, వాల్వు తిప్పమంది.

నలుగురూ వంగి చూశారు. చుక్క లేదు.

గుమాస్తా నోరు తెరిచి నిలబడ్డాడు. పని అంటే జరుగుతూ ఉండేదనే ఆయన అనుకున్నాడు. అది అయిపోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. సూది పోట్లు నిండిన ఆ వేళ్ల వంక, కొండను చూసినట్టు చూశాడు.

"ఖాళీ చెయ్యమన్న మాట నేనన్లేదు, మీరు విన్లేదు," అంది ఇంటావిడ.

ఒంటికాలి చెప్పుతో డ్రిల్లు మాస్టారు టైలరమ్మ వైపు తిరిగాడు. "ఆ గజంబద్ద నాకిచ్చెయ్యమ్మా."

"శనివారం పోనివ్వండి బాబాయిగారూ. బట్ట కొలవాలి."

గుమాస్తా మెల్లగా మెట్ల వైపు జరిగాడు.

"ఎక్కడికి? ఇంకో ఉత్తరం రాయాలి," అంది ఇంటావిడ.

"ఎవరికండీ?"

"లైబ్రరీకి. నీ మీద. ఇంత బాగా రాసేవాడు మాకింకెవరు తెలుసు?"

మెట్ల మీద కూర్చుని రాశాడు. మొదటి పేజీ వాళ్లు చెప్పారు. రెండో పేజీకి ఆయనకే ఆవేశం వచ్చింది. 'ఇటువంటివాణ్ణి ఒక్క పూట ఉంచినా ఊరికి నష్టం' అన్న ముక్క వాళ్లెవరూ అన్నది కాదు. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

శనివారం అరవై జతలూ పొడిగా స్కూలుకు చేరాయి. సోమవారం లైబ్రేరియన్ గుమాస్తాను తీసేసింది. ఉత్తరంలో భాష మాత్రం చాలా బాగుందని ఆ ముగ్గురికీ కబురు పంపింది.