ప్లీడరు గారి మెట్ల ముందు మేకు

ఆ ఆదివారం ఉదయం సర్వేయరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రహరీ గోడ లోపలి పక్కన మూడడుగుల వెడల్పున పచ్చిక, వరండాకు అటూ ఇటూ రెండు పూల మడులు. భోజనాల వేళకి గీతలు గీయడం అయిపోవాలి. ఆయన రిటైరై మూడు నెలలయింది. మూడు నెలలుగా కొలవడానికి ఏమీ దొరక్క ఆయనకి అన్నం సయించడం లేదు.

"నాలుగు మొక్కలకి ఇంత హంగామా ఎందుకండీ?" అంది భార్య, ఆయన టేపూ, దారపు ఉండా, డజను కర్రమేకులూ బయటికి తేవడం చూసి.

"గీత వంకరపోతే ఇక తోటెందుకే? అడవికి పోయి కూర్చోవచ్చు."

మేకుల తలలకి ఎర్రరంగు పూశారు. పచ్చికకి 'ప' అనీ, మడికి 'మ' అనీ వాటి మీద రాశారు. దారం తిన్నగా వస్తోందో లేదో చూసుకోవడానికి గేటు దాటించి వీధిలోకి లాగి, 'ప' మేకు ఒకటి పక్కింటి ప్లీడరు గారి మెట్ల ముందు దిగ్గొట్టారు.

ప్లీడరు గారు పాలు చిక్కగా ఉన్నా ఎందుకున్నాయని అడిగే మనిషి. ఆయన చేతిలోని పేపరు మడిచి బయటికొచ్చారు.

"ఏమిటి సర్వేయరు గారూ, పొద్దున్నే కొలతలు?"

కిందటేడు ఈయన తన గేటు రంగు పేరడిగి, వారం తిరక్కుండా అదే రంగు వేయించుకున్న సంగతి సర్వేయరు గారు మరచిపోలేదు. తోట ప్లాను గబుక్కున జేబులో కుక్కేశారు.

"ఏం లేదండీ. ఊరికే."

"ఆ జేబులో కాగితం?"

"అదీ ఊరికేనండి."

"మరి నా మెట్ల ముందు ఇది?"

"అది రేపు తీసేస్తాలెండి."

ప్లీడరు గారు ఇంట్లోకి వెళ్లారు గానీ కుదురుగా కూర్చోలేకపోయారు. 'అది' అంటే ఏది? మేకా, మెట్లా? నిజానికి ఆ మెట్లలో కింది రెండూ వీధిలోకి పొడుచుకొచ్చినవే. తిన్నగా ఎదురింటి టైలరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ కుట్టుమిషను మీద ఉన్న రేకుల పందిరి కూడా సగం వీధిలోనే ఉంది.

"చెల్లెమ్మా, రోడ్డు వెడల్పు చేస్తున్నట్టున్నారు. ఈయన్ని లోపాయికారీగా పెట్టుకున్నారు."

"ఆయన రిటైరయ్యారుగా అన్నయ్యగారూ?"

"అందుకే ఎవరికీ అనుమానం రాదని! మేకుల మీద చూశావా? 'ప' అంటే పడగొట్టేవి."

"మరి 'మ'?"

"మినహాయించినవి. ఆయన వరండా పక్కనేమో 'మ', నా మెట్ల ముందేమో 'ప'!"

టైలరమ్మ నోట్లోని గుండుసూది తీసి పక్కన పెట్టింది.

సోమవారం ఉదయానికి మేస్త్రీ వచ్చి ప్లీడరు గారి కింది మెట్లు రెండూ పగలగొట్టేశాడు. "వాళ్లు పగలగొడితే కేసు, మనం పగలగొట్టుకుంటే మరమ్మతు" అన్నారు ప్లీడరు గారు. టైలరమ్మ పందిరి వెనక్కి జరిగింది. అది చూసి మూలింటి వాళ్లు అరుగు కొట్టేశారు. ఆ పక్కవాళ్లు సైకిళ్ల షెడ్డు విప్పేశారు. ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఒకరి తొందర చూసి ఇంకొకరు తొందరపడ్డారు.

చాపల్లా చుట్టి తెచ్చిన పచ్చిక పరుచుకుంటున్న సర్వేయరు గారికి నలువైపులా సమ్మెట చప్పుళ్లు వినిపించాయి. గోడ మీంచి తొంగి చూశారు.

"ఏమిటండీ ప్లీడరు గారూ, మెట్లు తీసేశారు?"

"ఏం లేదండీ. ఊరికే" అన్నారు ప్లీడరు గారు, ఆయన కళ్లలోకి గుచ్చి చూస్తూ.

సర్వేయరు గారు లోపలికొచ్చి భార్యతో గొంతు తగ్గించి అన్నారు. "వీధంతా ఒక్కటై ఏదో చేస్తున్నారే. మనకి చెప్పకుండా హద్దులు మార్చేస్తున్నారు."

"మీ పచ్చిక మీరు చూసుకోండి."

ఆయన వింటేగా. తన పాత ఆఫీసుకి ఫోన్ చేసి, తన దగ్గర పని నేర్చుకున్న జూనియర్ని పిలిచారు. "వీధి మొత్తం కొలవాలి. ఒక్క ఇల్లు కూడా వదలొద్దు."

గురువారం జూనియర్ కొలత గొలుసుతో సహా వచ్చాడు. వీధివాళ్లంతా గుమ్మాల్లో నిలబడ్డారు. ప్లీడరు గారి ఇల్లు సరిగ్గా ఉంది. టైలరమ్మ పందిరి సరిగ్గా ఉంది. మూలిల్లు, దాని పక్కిల్లు, దేనికీ అంగుళం తేడా లేదు. చివరికి సర్వేయరు గారి గోడ దగ్గర జూనియర్ ఒకసారి కొలిచి, మళ్లీ కొలిచి, చెమట తుడుచుకున్నాడు.

"సార్... మీ గోడ నాలుగడుగులు రోడ్డులో ఉంది."

"మళ్లీ కొలువు!"

"మీరు నేర్పిన పద్ధతే సార్. మూడుసార్లు కొలిచాను."

భార్య ఆయన వైపు తిరిగింది. "ఆ గోడ మీరే కదండీ కొలిచి కట్టించారు?"

"ఆ రోజు టేపు రెండో చివర పట్టుకుంది నువ్వు" అన్నారు సర్వేయరు గారు.

పది రోజుల్లో గోడ నాలుగడుగులు లోపలికి జరిగింది. పచ్చిక బయట మిగిలింది. రోడ్డు పక్కన పచ్చిక ఉంటే అభ్యంతరం లేదనీ, వేసినవాళ్లే దాన్ని పోషించాలనీ జూనియర్ ఎంతో వినయంగా కాగితం రాసిచ్చాడు.

ఇప్పుడు సాయంత్రమైతే, కూర్చోవడానికి మెట్లు లేని ప్లీడరు గారు, నీడ తగ్గిన టైలరమ్మ, అరుగు పోయిన మూలింటి వాళ్లు ఆ పచ్చిక మీదే చేరి కబుర్లు చెప్పుకుంటారు. సర్వేయరు గారు నీళ్ల పైపు పట్టుకుని, వాళ్లు ఎప్పుడు లేస్తారా అని గోడ లోపల నిలబడి ఉంటారు.