ముసుగు రాణి కాసు

ఆ సోమవారం పొద్దున నాగుల్ మీరా వేసుకున్న పథకం చాలా చిన్నది. జువ్వలదిన్నె దాకా సైకిల్ తొక్కి, ఎండుచేపలమ్మే పేరమ్మ దగ్గరున్న, తెల్లదొరల కాలపు బంగారు సవరను కాసును తొంభై రూపాయలకు కొనుక్కుని, మధ్యాహ్నం అన్నం వేళకు బోగోలు చేరుకోవాలి.

అతను బోగోలులో బట్టలు కుట్టేవాడు. నాలుగేళ్ళ కిందట, యాభై ఏడులో, మిషను చెడిపోతే భార్య మదార్‌బీ ఏడు కాసుల గొలుసులోంచి ఒక కాసు తీసి, కావలిలో నగల వ్యాపారి మాలకొండయ్యకు అమ్మాడు. "రాణి బొమ్మ కాసుల్ని ఎవురూ అడగట్లేదు నాయనా. అంతా రాజు బొమ్మే కావాలంటుండారు" అని మాలకొండయ్య బాధపడుతూ అరవై ఎనిమిది ఇచ్చాడు. ఆ కాసు మళ్ళీ కొనిపెడతానని నాగుల్ మీరా భార్యకు మాటిచ్చాడు. అతను డెబ్బై కూడబెట్టేసరికి కాసు డెబ్బై ఎనిమిదయింది. ఎనభై చేర్చేసరికి ఎనభై ఎనిమిది. ఈ ఏడు తొంభై పట్టుకుని కావలి వెళితే, మాలకొండయ్య తొంభైకి రాజు కాసు చూపించాడు. రాణిది నూటికి రెండు తక్కువ, అదీ సరుకు లేదన్నాడు. "అంతా రాణి కాసులకే ఎగబడుతుండారు నాయనా" అని ఈసారీ బాధపడ్డాడు.

రాజు కాసుకు మదార్‌బీ ఒప్పుకోలేదు. ఆమె గొలుసులోవన్నీ తలమీద ముసుగు వేసుకున్న ముసలి రాణి బొమ్మలు. రాజుకేమో బట్టతల, గడ్డం.

"ఆరుగురు ముసుగు రాణుల నడాన బట్టతల మగోణ్ణొకణ్ణి వేసుకోని పెండ్లికి పోవాల్నా నేను?" అని ఆమె అడిగింది.

పెళ్ళి ఆమె అక్క జమాల్‌బీ కొడుకుది, ఇందుకూరుపేటలో. ఇంకా పది రోజులుంది. కిందటి పెళ్ళిలో గొలుసులో ఖాళీ కనబడకుండా మదార్‌బీ రెండు రోజులూ కొంగు గొంతుదాకా పట్టుకునే తిరిగింది. జలుబు చేసిందా అని ఇరవై మంది అడిగారు. ఆమె ఇరవై సార్లూ అవునంది. అది విన్న దగ్గర్నుంచి నాగుల్ మీరాకు సరిగ్గా నిద్ర లేదు.

అలాంటి సమయంలో పేరమ్మ రవికె కుట్టించుకోవడానికి వచ్చి, తన దగ్గరొక ముసుగు రాణి ఉందనీ, మొగుడి వలకు నైలాను నూలు కోసం దాన్ని అమ్మాలనుకుంటున్నాననీ చెప్పింది.

సైకిలెక్కబోతూ నాగుల్ మీరా ఆగాడు. తానే వెళితే అవసరం బయటపడుతుంది. ముందు ఇంకొకరు వెళ్ళి తక్కువకు అడిగితే, తర్వాత తాను తొంభై అనగానే పేరమ్మ సంతోషంగా ఇచ్చేస్తుంది. ఇది అతనికి చాలా తెలివైన ఆలోచనగా తోచింది.

రోజూ అతని అంగడి బల్ల మీద టీ తాగేవాళ్ళు ఇద్దరున్నారు. సైకిల్ షాపు ఆదెయ్య ఒకడు, జట్కా తోలే హజరత్తయ్య ఒకడు. ముందు ఆదెయ్యను పంపాడు.

"ఎనభైకి అడుగు. నా పేరు మాత్రం ఎత్తబాక."

ఆదెయ్య ఎత్తలేదు. "సైకిల్ షాపోడివి, నీకు రాణి కాసేం పనబ్బా?" అని పేరమ్మ అడిగితే, "నాక్కాదు. ఒక పెద్దాయన కనుక్కోమన్నాడు. పేరు చెప్పబాకన్నాడు" అన్నాడు.

"పేరు చెప్పుకోలేనంత పెద్దాయనా?" అని పేరమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే నూరు."

బుధవారం హజరత్తయ్య వెళ్ళాడు. ఈసారి నాగుల్ మీరా అతనికి మాటలు కూడా నేర్పించి పంపాడు.

"రాణి కాసుల పని అయిపోయిందంట పేరమ్మా. ఇంక కొనేవాళ్ళుండరు. పాపమని ఎనభై అయిదు ఇస్తామంటుండారు."

"కొనేవాళ్ళు లేనిదానికి ఆరు మైళ్ళు జట్కా కట్టుకోని వచ్చినావా?" అంది పేరమ్మ. "నూటపదిహేను."

హజరత్తయ్య ఈ రహస్యాన్ని బిట్రగుంట స్టేషను దాకా కాపాడాడు. అక్కడ జట్కా ఎక్కిన ప్రతి మనిషికీ, ఎవరితోనూ అనవద్దని చెప్పి మరీ చెప్పాడు. సాయంత్రానికి, రాణి ముసుగు మడతల్లో బంగారం ఎక్కువ పట్టిందనీ, పెద్దపెద్దవాళ్ళు పేర్లు దాచుకుని కొంటున్నారనీ కావలి దాకా తెలిసిపోయింది.

గురువారం నాగుల్ మీరా మెడలో టేపు వేసుకుని తానే వెళ్ళాడు. "రవికె కొలత తీసుకుందామని, పేరమ్మక్కా."

"నా కొలత నీ కాడ ఉండాది గదన్నా."

"మళ్ళా ఒకసారి చూద్దామని." కొలత రాసుకుంటూ, "ఆ కాసు ఇంకా ఉండాదా?" అన్నాడు, దారినపోయే మాట అన్నట్టు.

"నీకెందుకన్నా ఆ తగువు? పెద్దోళ్ళు పోటీ పడుతుండారు" అని పేరమ్మ జాలిపడింది. అతని ముఖం చూసి ఇంకా జాలిపడింది. "సరే, నువ్వు గాబట్టి నూటముప్పైకి ఆపుతా. శనివారం దాకానే."

చాలని నలభై కోసం నాగుల్ మీరా సైకిల్‌ను ఆదెయ్యకు అమ్మేశాడు. "సైకిల్ అమ్ముకునేంతగా ఆ కాసులో ఏముండాదన్నా?" అని ఆదెయ్య గుసగుసగా అడిగాడు. ఏమీ లేదని నాగుల్ మీరా చెప్పాడు. ఆదెయ్య నమ్మలేదు. ఆ రాత్రి తన పెళ్ళాం చెవి కమ్మల మీద రాణి బొమ్మ ఉందేమో దీపం పెట్టి చూశాడు.

శనివారం తెల్లారగానే నాగుల్ మీరా జువ్వలదిన్నెకు నడక మొదలుపెట్టాడు. అతను ఊరు దాటిన గంటకు బస్సు దిగి మాలకొండయ్య అతని ఇంటికి వచ్చాడు.

"మదార్‌బమ్మా, నీ ఆరు కాసులూ ఇస్తే ఒక్కోదానికి నూటఇరవై ఇస్తా. ఇప్పుడే, చేతికి."

మదార్‌బీ బియ్యం చెరగడం ఆపింది. "ఉన్నట్టుండి ఇంత ధరెందుకొచ్చినాది?"

"జువ్వలదిన్నెలో గిరాకీ అట్టుండాది తల్లీ. ఎవురో పెద్దోళ్ళు, పేరు చెప్పకుండా మనుషుల్ని పంపిస్తుండారంట."

"ఎవుర్ని పంపించినారు?"

"ఈ ఊరోళ్ళే. సైకిల్ షాపు ఆదెయ్యంట. జట్కా హజరత్తయ్యంట."

మదార్‌బీ చేటను నిదానంగా కింద పెట్టింది. నవ్వు రాకుండా దగ్గింది. లోపలికి వెళ్ళి, గొలుసు నుంచి ఆరు కాసులూ విప్పి తెచ్చి, ఏడువందల ఇరవైని రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

మధ్యాహ్నం నాగుల్ మీరా చెమటతో, దుమ్ముతో వచ్చాడు. రుమాలు ముడి విప్పి, కాసును భార్య అరచేతిలో పెట్టాడు. నాలుగేళ్ళ భారం దిగినట్టు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"గొలుసు తీసుకురా, చూద్దాం."

"గొలుసుండాది. కాసులే లేవు" అంది మదార్‌బీ. "అమ్మేసినా."

జరిగినదంతా ఆమె చెబుతుంటే అతను ఖాళీ రుమాలును మళ్ళీ ముడేస్తూ విన్నాడు. చివరికి, "ఆ పెద్దాయన నేనేనని నీకెట్టా తెలిసినాది?" అన్నాడు.

"ఈ ఊళ్ళో ఆ ఇద్దర్నీ నమ్మి రహస్యం చెప్పేది మీరు గాకుండా ఇంకెవురుండారు?"

మాలకొండయ్య రెండు రోజులు జువ్వలదిన్నెలో కాచుకున్నాడు. ఏ పెద్దాయనా రాలేదు. పేరమ్మ మొగుడు కొత్త నూలుతో వల అల్లుకుంటూ, ఎండుచేపలేమైనా కావాలా అని మాత్రం అడిగాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాత్రం తమ దగ్గరున్న రాణి కాసులు అమ్ముతామని పట్టుకుని మాలకొండయ్య కోసమే వెతుక్కుంటూ వచ్చారు. మంగళవారం అతను బోగోలులో బస్సు దిగేసరికి మనిషి సగమయ్యాడు.

"నీ ఆరూ నువ్వే తీసుకో తల్లీ. నూటపదికి ఇస్తా."

"రాణి బొమ్మ కాసుల్ని ఎవురూ అడగట్లేదంట గదా" అని మదార్‌బీ బాధపడింది. "తొంభై ఇస్తా. ఏడోదానికి కొక్కెం మీరే వేయించాల."

ఆరూ వెనక్కి కొనగా నూట ఎనభై మిగిలింది. అందులోంచి నలభై అయిదు ఇచ్చి నాగుల్ మీరా సైకిల్ వెనక్కి తెచ్చుకున్నాడు. సైకిళ్ళ ధర పెరిగిందని ఆదెయ్య చెప్పాడు.

ఇందుకూరుపేట పెళ్ళిలో మదార్‌బీ కొంగును దానిమానాన వదిలేసి తిరిగింది. ఏడుగురు రాణులూ ఒకే వరసలో మెరిశారు. జమాల్‌బీ గొలుసును చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఈ కరువు రోజుల్లో ముసుగు రాణి యాడ దొరికినాదే? మీ ఆయన చానా గట్టోడే. నాక్కూడా ఒకటి కొనిపెట్టమని చెప్పు."

పక్కనే విస్తరి ముందు కూర్చున్న నాగుల్ మీరా తల ఎత్తాడు.

"కొనేదానికి ఆయన పనికిరాడక్కా" అంది మదార్‌బీ. "నువ్వేదన్నా అమ్మేటప్పుడు చెప్పు, పంపిస్తా."