విప్పితేగానీ బిగియని స్నేహం

యాభై దాటాక తెనాలి నుంచి నాచారం మందుల కంపెనీకి గుమస్తాగా వచ్చిన గిరిప్రసాద్‌ని, ఏడాది గడిచినా ఆ వీధిలో పేరు పెట్టి పిలిచేవాడు పాలవాడొక్కడే. ఆదివారమైతే బల్లికి పోటీగా గోడనంటుకుని కూర్చునేవాడు.

ఓ వేసవిలో అతని పాత టేబుల్ ఫ్యాను ఆగిపోయింది. ఉప్పల్ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన పక్కింటి తిరుపతి దగ్గరికి మోసుకెళ్లాడు.

"ఆంధ్రా ఫ్యాను గదనే అన్నా, మా గాలి పడ్తలేదేమో!" అన్నాడు తిరుపతి.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. గిరిప్రసాద్ ఒక్క క్షణం బిక్కచచ్చి, ఆనక పగలబడి నవ్వాడు.

ఒకరు తుప్పు గీకారు, ఒకరు రంగు వేశారు. మధ్యలో ఇద్దరి పెళ్లి కబుర్లూ అయిపోయాయి. తీరా ఫ్యాను గిర్రున తిరిగేసరికి గిరిప్రసాద్ ప్రాణం ఉసూరుమంది. ఇక ఏ వంకతో వెళ్లడం?

మర్నాడే గోడ గడియారం ఆగి, తిరుపతి అరుగెక్కింది. ఆపైన ఇస్త్రీపెట్టె చల్లబడింది.

"మనింట్లో సామానుకి ఏదైనా అంటురోగమా?" అంది భార్య సత్యవేణి.

"పాతబడ్డాయే!"

"నేనూ పాతబడ్డాను. నన్నూ ఆ అరుగు మీద పెట్టొస్తారా?"

బంద్ రోజున అతని చెయ్యి సత్యవేణి వాళ్లమ్మ కుట్టుమిషను మీద పడింది. ఒక్క నట్టు వదులు చేద్దామనుకుంటే, అది దొర్లుకుంటూ పోయి మురికికాలువలో పడింది. చక్రం పక్కకి జారి బిగుసుకుపోయింది. వెనక్కి తిరిగితే సత్యవేణి!

"మా అమ్మ దీని మీదే కదండీ మమ్మల్ని పెంచింది!" ఆమె చక్రం తిప్పబోయింది; కదల్లేదు.

"తప్పే వేణీ. ఆయనతో మాట్లాడాలనిపించి..."

చేతిలో స్క్రూడ్రైవరుతో, తల వంచుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసి, ఆమె మిషనుకి ఓ పక్క చెయ్యి వేసింది. "ఊఁ, అటువైపు పట్టండి" అంది.

ఇద్దరూ మిషను మోసుకెళ్లేసరికి, తిరుపతి అరుగు మీద గోడ గడియారం ముక్కలు ముక్కలుగా పడుంది.

"ఇదింకా బాగవలేదా?" అంది సత్యవేణి.

"ఎందుకు కాలే వదినా! ఎప్పుడో మంచిగైంది" అంది తిరుపతి భార్య ఉప్పలమ్మ. "అన్న మళ్ల రాడేమోనని మా ఆయనే రోజు ఇప్పుతుండు, రోజు బిగిస్తుండు!"

తిరుపతి గడియారం డబ్బాలో తల దూర్చాడు. ఆడవాళ్లిద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

మిషను బాగైంది గానీ ఇంటికి తిరిగి రాలేదు. వదినలిద్దరూ రోజూ ఉప్పలమ్మ ఇంట్లోనే కుట్టుకోవడం మొదలెట్టారు.

ఆ ఆదివారం గిరిప్రసాద్ మొదటిసారి వట్టి చేతులతో వెళ్లాడు.

"ఏంది అన్నా, ఏం ఖరాబైంది?"

"ఏమీ కాలేదు. ఊరికే వచ్చాను."

తిరుపతి ముఖం వెలిగిపోయింది. జరిగి, పక్కన చోటిచ్చాడు.

"ఊరికే ఎందుకూ?" అంటూ సత్యవేణి లోపల్నుంచి వచ్చి, ఇద్దరి మధ్యా చేటెడు చిక్కుడుకాయలు పెట్టిపోయింది.