డాక్టరుగారి కారులో కొత్త గొంతు

పళ్ళ డాక్టరుగారి ఆదివారం పథకం చాలా చిన్నది. పొద్దున్నే కారుకు పెద్ద స్పీకర్లు పెట్టించుకోవాలి, భోజనం వేళకు ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరాలి. క్లినిక్‌లో ఎదుటివాళ్ళ నోరు తెరిపించి తానొక్కడే మాట్లాడే ఆయనకు ఇంట్లో ఆ సౌకర్యం లేదు. పాటలైనా గట్టిగా వినాలన్నది ఆయన కోరిక. కారు కొత్తది. "వారంటీ ఉన్నన్నాళ్ళు దానిమీద బయటివాళ్ళ చెయ్యి పడిందో, ఊరుకోను" అని భార్య ముందే చెప్పింది.

అందుకే, "టైర్లకు గాలి కొట్టించుకొస్తా" అని చెప్పి, బావమరిదిని వెంటేసుకుని బయలుదేరాడు.

దుకాణంవాళ్ళు తలుపుల్లో స్పీకర్లు, సీటు కింద ఆంప్లిఫయరు, వెనక సీటు పక్కన వూఫర్ పెట్టె బిగించారు. మొదటి పాటకే అద్దాలు వణికాయి. డాక్టరుగారికి ఒళ్ళు పులకరించింది. రెండో పాట సగంలో ఏసీ చల్లగాలి ఆగిపోయింది.

"బావా, కొంప మునిగింది! వైర్లు కలిపేశారేమో!"

"నోర్ముయ్. తిన్నగా సర్వీస్ సెంటరుకు పోదాం. స్పీకర్ల మాట ఎత్తకు."

దారిలో అక్క ఫోన్ చేసి బావ ఎక్కడని అడిగితే, బావమరిది కంగారులో "క్లినిక్‌లో" అనేశాడు. తర్వాత వూఫర్ మీద దుప్పటి కప్పి, దానిమీదే కూర్చున్నాడు.

సర్వీస్ మేనేజరు కారు చుట్టూ తిరిగాడు. "బయట ఏమైనా బిగించారా సార్?"

"ఛఛ! ఒక్క స్క్రూ కూడా లేదు."

"వెనకాయన్ని కాస్త దిగమనండి."

"నడుం పట్టేసిందండీ, దిగలేను" అన్నాడు బావమరిది.

"అయితే కారుతోపాటు మిమ్మల్నీ లిఫ్టెక్కించాలా?"

అంతలో, పాటల కోసం కొత్త స్పీకర్లకు కలిపిన డాక్టరుగారి ఫోన్ మోగింది. మామూలుగా కాదు, కారులోంచి పిడుగు పడ్డట్టు మోగింది. బావమరిది నడుం నొప్పి మరిచి ఎగిరి బయటపడ్డాడు. ఫోన్ కట్ చేయబోయిన డాక్టరుగారి వేలు తడబడి ఎత్తే బటన్ మీద పడింది.

"గాలి కొట్టిస్తున్నానని మీరు! క్లినిక్‌లో ఉన్నారని వాడు! నెల్నుంచీ కలవరిస్తున్న ఆ స్పీకర్లు పెట్టించారు కదూ?"

భార్య గొంతుకు షెడ్డంతా దద్దరిల్లింది. స్పానర్లు ఆగాయి. టీ తాగుతున్న కస్టమర్లు కప్పులతో సహా వచ్చి చుట్టూ నిలబడ్డారు. మేనేజరు దుప్పటి లాగి, వూఫర్ వంకా డాక్టరు వంకా చూశాడు.

"ఇక కారుకు వారంటీ వర్తించదు సార్."

"ఎవరండీ ఆ మాటంది?" అంది కారు.

మేనేజరు ఉలిక్కిపడి, ఎటు తిరిగి మాట్లాడాలో తెలియక స్టీరింగుకు చెప్పాడు. "మేనేజర్నమ్మా. బయట వైర్లు పెట్టించారు, ఏసీ పోయింది."

"స్పీకర్లు పాడైతే మిమ్మల్ని అడగం. వాటి వల్లే ఏసీ పోయిందని చూపించండి, మారుమాట్లాడకుండా ఖర్చు భరిస్తాం. చూపించలేకపోతే మీరు బాగుచేయండి. చూడకుండానే ఎలా తేల్చారు?"

"న్యాయమేగా! చూపించండి!" అన్నాడొక కస్టమరు. మిగతావాళ్ళూ అందుకున్నారు. వాళ్ళలో కొందరి కార్లలోనూ స్పీకర్లున్నాయి మరి.

మేనేజరుకు పరువు సమస్య అయింది. తానే బానెట్ ఎత్తి, టార్చి పట్టుకుని, స్పీకర్ల తీగ వెంబడి ఈ కొసనుంచి ఆ కొసదాకా వెతికాడు. అది ఏసీ దరిదాపులకు పోలేదు. అటు చూస్తే ఏసీ గొట్టం జాయింటు దగ్గర నూనె మరక. ఫ్యాక్టరీలోనే సరిగా బిగించలేదు. గ్యాసంతా కారిపోయింది.

"ఇది... మాదేనమ్మా," అన్నాడు స్టీరింగుతో. "వారంటీలోనే చేసిస్తాం."

చప్పట్లు మోగాయి. ఎవరో డాక్టరుగారి చేయి పట్టుకుని ఊపేశారు. ఆయన ఛాతీ రెండింతలైంది. కారులోకి వంగి, "చూశావటోయ్! గెలిచాం!" అన్నాడు.

"గెలిచింది నేను. మీరు ముందు ఇంటికి రండి, చెప్తాను మీ సంగతి."

స్పీకర్లు మేలురకానివి కావడంతో, ఆ మాట వీధి చివరిదాకా స్పష్టంగా వినిపించింది.